పెట్టె సరే, తాళంచెవి ఎక్కడ?

కొత్త బీరువా కొనడానికి వెళ్తే షాపువాడు తప్పకుండా చేసే పని ఒకటుంది. లోపలి లాకరు తలుపు తీస్తాడు, అడుగునున్న చిన్న రేకు పలకను పక్కకు జరుపుతాడు, గొంతు తగ్గించి “ఇది సీక్రెట్ అరండీ, ఎవరికీ తెలీదు” అంటాడు. ఆ షాపులో ఉన్న ప్రతి బీరువాలోనూ అదే అర అదే చోట ఉంటుంది. ఇళ్లు దోచేవాడికి ఆ సంగతి మనకంటే ముందే తెలుసు. పైగా ఆ లాకరు తాళంచెవి చాలా ఇళ్లలో అదే బీరువాలో పట్టుచీరల మడతల్లోనో, పాత హ్యాండ్‌బ్యాగులోనో ఉంటుంది. కాకపోతే బీరువా పైనున్న అట్టపెట్టెలో ఉంటుంది.

తాళం వేసే పెట్టె కొనేటప్పుడు మనవాళ్లు రేకు మందం అడుగుతారు, కంపెనీ పేరు అడుగుతారు, ధర అడుగుతారు. వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది వేరే ఉందని నా వాదన. తాళంచెవి ఎక్కడుంటుంది? ఎవరెవరి చేతికి అందుతుంది? ఇనప చెవి ఒక్కటే తాళంచెవి కాదు. నాలుగంకెల కోడ్, వేలిముద్ర, బ్యాంకువాళ్ల మాస్టర్ కీ, లాకరు నామినేషన్ ఫారం కూడా తాళంచెవులే. ఇంట్లో పెట్టె మోసం చేసేది ఉక్కు దగ్గర కాదు, చెవి దగ్గర.

అసలు చెవే అక్కర్లేని దొంగతనం

పాత కాలపు ఇనప్పెట్టెను ఎవరూ గోడకు బిగించలేదు. దాని బరువే దానికి బిగింపు. నలుగురు మనుషులు పట్టినా గడప దాటించడం కష్టం. భోషాణమూ అంతే, అది గదిలోకి వచ్చాక ఇంటి భాగమైపోయేది. ఇవాళ ఆన్‌లైన్లో వచ్చే అంకెల మీటల పెట్టె బరువు 8 నుంచి 15 కిలోలు. బియ్యం బస్తా కంటే తేలిక. దాన్ని తెరవడానికి ఎవరూ కుస్తీ పట్టనక్కర్లేదు. దుప్పట్లో చుట్టి బండిమీద పెట్టుకుని వెళ్లిపోతే, తీరిగ్గా కటింగ్ మిషన్‌తో కోసుకోవచ్చు. విలువైనవన్నీ ఒకేచోట సర్ది, మోయడానికి అనువుగా ఇచ్చినట్టవుతుంది. 40 కిలోల పెట్టెనైనా ఇద్దరు మోస్తారు.

అందుకే అలాంటి పెట్టెల వెనక రెండు, అడుగున రెండు రంధ్రాలు ఉంటాయి. డబ్బాలో బోల్టులూ వస్తాయి. అవి ప్లాస్టిక్ కవరులో అలాగే ఉండిపోవడమే నాకు బాధ. వేలు పోసి పెట్టె కొని, అరగంట పని దగ్గర ఆగిపోతే ఆ డబ్బు వృథా.

బిగించే ముందు గోడ ఏమిటో తెలుసుకోవాలి. డ్రిల్లు పెట్టగానే రాలే పొడి చెబుతుంది. ఎర్రగా వస్తే ఇటుక. తెల్లగా, పిండిలా, డ్రిల్లు వెన్నలోకి దిగినట్టు దిగిపోతుంటే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు ఇటుక. బూడిదరంగు పొడి వస్తూ డ్రిల్లు మొరాయిస్తుంటే కాంక్రీటు. హైదరాబాద్‌లో అల్యూమినియం షట్టరింగుతో కట్టిన కొత్త అపార్టుమెంట్లలో లోపలి గోడలు కూడా కాంక్రీటువే. అక్కడ బిగించడం కష్టం గానీ, బిగిస్తే మాత్రం కదలదు. ఏఏసీ బ్లాకులో మామూలు యాంకర్ బోల్టుకు, అంటే రంధ్రంలో విచ్చుకుని పట్టుకునే బోల్టుకు, పట్టు చిక్కదు. బిగిస్తున్నకొద్దీ లోపల పిండి అయిపోతుంది. అలాంటిచోట గోడను నమ్మకుండా నేలకు బిగించండి, లేదా రంధ్రంలో గమ్ము నింపి బిగించే కెమికల్ యాంకర్ వాడండి. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ ఇటుక గోడకంటే తొమ్మిదంగుళాల బయటి గోడ మేలు. బాత్రూమ్ పక్క గోడ మాత్రం వద్దు. దానిలో నీళ్ల పైపులుంటాయి, చెమ్మ కూడా వస్తుంది. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా డ్రిల్లు పెట్టకూడదు. వైర్ల పైపు సాధారణంగా ఆ దారినే పోతుంది.

గోడలూ నేలా కలిసే మూల అన్నిటికంటే మంచి చోటు. కప్‌బోర్డు లోపలైతే ఇంకా మంచిది. పెట్టె పక్కల ఖాళీ లేకపోతే ఇనపరాడ్డు పెట్టి మీటడానికి చేతికి చోటు చిక్కదు. తలుపు పూర్తిగా తెరుచుకునేంత జాగా ఉందో లేదో ముందే చూసుకోవాలి.

పెట్టెను దాని చోట పెట్టి, తలుపు తీసి, లోపలినుంచి రంధ్రాల్లో పెన్సిలుతో గుర్తు పెట్టండి. పెట్టె తీసేశాక గుర్తుల దగ్గర డ్రిల్లు చేయాలి. ఇటుక గోడైతే గుర్తు ఇటుక మధ్యలో పడాలి, సిమెంటు అతుకులో కాదు. గోడ అంచునుంచి కనీసం నాలుగంగుళాలు లోపలికి ఉండాలి, లేకపోతే బోల్టు విచ్చుకున్నప్పుడు ఇటుక చీలుతుంది. డ్రిల్లు బిట్ సైజు యాంకర్ ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, అదే వాడండి. ఎం10 అని రాసి ఉన్నా ఒక రకానికి 10 మిల్లీమీటర్ల రంధ్రం చాలుతుంది, తొడుగున్న మరో రకానికి అంతకంటే పెద్దది కావాలి. అందాజుగా పెద్ద రంధ్రం చేస్తే బోల్టు తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు.

నేలమీద టైల్సు ఉంటే గుర్తుమీద మాస్కింగ్ టేపు అంటించి, టైలు దాటేదాకా హ్యామర్ మోడ్ (కొడుతూ తిరగడం) ఆపి నెమ్మదిగా తిప్పండి. టైలు దాటాక హ్యామర్ వేయండి. మొదట్నుంచీ హ్యామర్ వేస్తే టైలు పగులుతుంది. మన ఇళ్ల శ్లాబు మామూలుగా అయిదంగుళాలు ఉంటుంది. పై అంతస్తుల్లో మూడంగుళాలు దాటి దిగకండి. బిట్ మీద ఆ కొలత దగ్గర టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. రంధ్రంలోని పొడిని సన్న గొట్టంతో ఊది శుభ్రం చేయడం చాలామంది వదిలేసే పని. పొడి మిగిలితే యాంకర్ లోపల జారుతుంది. తర్వాత పెట్టె పెట్టి, లోపలినుంచి పెద్ద వాషరు వేసి బోల్టు బిగించాలి. రెండు చేతులతో పట్టి ఊపితే అణువంత కూడా కదలకూడదు.

వడ్రంగి చేసిన వార్డ్‌రోబు ప్లైవుడ్ అరకు స్క్రూలు వేసి వదిలేస్తే అది బిగించినట్టు కాదు. ఒక్క గుంజు గుంజితే అరతో సహా ఊడొస్తుంది. బోల్టు ప్లై దాటి గోడలోకి దిగాలి. అద్దె ఇంట్లో ఉంటే ఓనరును అడగండి. నాలుగు రంధ్రాలు వెళ్లేటప్పుడు సిమెంటుతో పూడ్చి ఇచ్చేయొచ్చు.

నాలుగంకెలు

అంకెల మీటల పెట్టెకు ఫ్యాక్టరీ నుంచి ఒక కోడ్ పెట్టి పంపుతారు. 159, 1234, 0000 లాంటివి. మొదటిరోజే మార్చాలి. మార్చేటప్పుడు తలుపు తెరిచే ఉంచి, గడియలు బయటికి వచ్చేలా చేసి, కొత్త కోడ్‌తో రెండు మూడుసార్లు తీసి వేసి చూశాకే తలుపు మూయండి. మూసిన తలుపుతో పరీక్ష పెట్టుకోకూడదు.

మన ఇళ్లలో పెట్టే కోడ్‌లు ఊహించడం పెద్ద కష్టం కాదు. పుట్టిన సంవత్సరం, పెళ్లి తేదీ, బండి నంబరు, ఫోను చివరి నాలుగంకెలు, 1116. ఇవన్నీ ఇంటికి వచ్చిపోయేవాళ్లకు తెలిసినవే. ఇంకో చిక్కుంది. ఒకే కోడ్ ఏళ్ల తరబడి నొక్కితే ఆ నాలుగు మీటలే అరుగుతాయి, మెరుస్తాయి. ఏ నాలుగంకెలో కనబడ్డాక వరసలు 24 మాత్రమే. ఏడాదికోసారి కోడ్ మార్చండి, వీలైతే ఆరంకెలు పెట్టండి. మూడు చక్రాల సూట్‌కేసు తాళానికి ఉన్నవి మొత్తం 1,000 కోడ్‌లు. కోడ్‌కు రెండు సెకన్లు పట్టినా అరగంట చిల్లరలో అన్నీ తిప్పేయొచ్చు. దాన్ని కుతూహలాన్ని ఆపే తాళంగా చూడాలి తప్ప దొంగను ఆపే తాళంగా కాదు.

చౌక పెట్టెల్లో ఇంకో లోపం గురించి కొనేవాళ్లు తెలుసుకోవాలి. లోపల సోలినాయిడ్ అనే చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. సరైన కోడ్ నొక్కితే అది ఒక పిన్నును లాగుతుంది, అప్పుడు పిడి తిరుగుతుంది. ఆ పిన్నును ఆపి ఉంచేది బలహీనమైన స్ప్రింగు ఒక్కటే అయితే, పెట్టె పైభాగాన్ని గట్టిగా చరిచినప్పుడు పిన్ను ఎగిరిపడుతుంది, ఆ క్షణంలో పిడి తిరిగిపోతుంది. కొనేటప్పుడే షాపులో ఒకసారి అలా చరిచి చూడమని అడగండి. అలా తెరుచుకునే పెట్టె ఎంత తక్కువకొచ్చినా కొనకూడదు. మోటారుతో పిన్ను కదిపే రకానికి ఈ బెడద లేదు. గోడకు గట్టిగా బిగించిన పెట్టె చరిచినా అంతగా అదరదు. బిగింపు మేలు ఇక్కడా ఉంది.

ఇక బ్యాటరీలు. సాధారణంగా నాలుగు పెన్సిల్ సెల్స్ పడతాయి. ఆల్కలైన్ రకమే వేయండి, నాలుగూ ఒకేసారి మార్చండి. చౌక సెల్స్ కారి స్ప్రింగులను తినేస్తాయి. బ్యాటరీ అయిపోతే వాడమని రెండు అత్యవసర తాళంచెవులు ఇస్తారు. ఆ చెవులను జాగ్రత్త పేరుతో పెట్టె లోపలే పెట్టేస్తారు. బ్యాటరీ చచ్చిన రోజు బయట మనం, లోపల చెవి! తర్వాత తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిచి తలుపు పగలగొట్టించడమే. ఒక చెవి ఇంట్లోనే పెట్టె ఉన్న గదికి దూరంగా, రెండోది వేరే ఊళ్లోని నమ్మకమైన మనిషి దగ్గర ఉండాలి. కొన్ని మోడళ్లకు బయటినుంచి బ్యాటరీ తగిలించే ఏర్పాటు ఉంటుంది. నన్నడిగితే వేలిముద్ర కంటే ఇది ఎక్కువ పనికొచ్చే సదుపాయం.

వేలిముద్రల పెట్టె గురించి ఒక్కమాట. రేషను షాపులో ముద్రలు పడక ఇబ్బందిపడే పెద్దవాళ్లకు ఇంటి పెట్టె దగ్గరా అదే ఇబ్బంది వస్తుంది. గిన్నెలు తోమే చేతులు, పొలం పని చేసే చేతులు, తడి చేతులు మొరాయిస్తాయి. ఇద్దరు మనుషులవి, ఒక్కొక్కరివి రెండేసి వేళ్లు ఎక్కించి ఉంచండి.

ఇన్సూరెన్సు చేయించినవాళ్లు పాలసీ కాగితంలో ఒక షరతు వెతికి చూసుకోవాలి. దొంగతనం పాలసీల్లో చాలావాటిలో ఇది ఉంటుంది. పెట్టెను దాని సొంత తాళంచెవితోనే తెరిచి సొత్తు ఎత్తుకుపోతే, ఆ చెవిని బెదిరించో కొట్టో లాక్కున్నట్టు తేలితే తప్ప పరిహారం ఇవ్వరు. అంటే చీర మడతలో దొరికిన చెవితో తీసుకెళ్తే సొమ్మూ పోతుంది, పరిహారమూ పోతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాలసీ రాసినవాళ్లకూ ఆ సంగతి తెలుసు.

రెండు చెవుల తాళం

ఒక్క మనిషి చేతిలో చెవి పెట్టడం ఎంత ప్రమాదమో సంస్థలు ఎప్పుడో గుర్తించాయి. ప్రభుత్వ ఖజానాల్లో స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, రెండు చెవులు ఇద్దరు వేరువేరు ఉద్యోగుల దగ్గర. 1991లో నైజర్ దేశంలో మొదలై ఆఫ్రికా పల్లెల్లో పాకిన పొదుపు సంఘాలు ఈ సూత్రాన్ని ఇంకా చక్కగా వాడుకుంటాయి. ఇనప పెట్టెకు మూడు తాళాలు, మూడు చెవులు ముగ్గురు సభ్యుల దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. సమావేశంలో అందరూ కూర్చుంటే తప్ప అది తెరుచుకోదు. మన మహిళా సంఘాల డబ్బు బ్యాంకు ఖాతాలో ఉంటుంది కాబట్టి ఈ అవసరం తక్కువ. కానీ అపార్టుమెంట్ అసోసియేషన్ దగ్గరో, గణేశ్ ఉత్సవ కమిటీ దగ్గరో చేతికి వచ్చే నగదుకు ఇది అచ్చంగా సరిపోతుంది. ఖర్చు రెండు తాళంకప్పలు.

బ్యాంకు లాకరు కూడా రెండు చెవుల తాళమే. బ్యాంకు మాస్టర్ కీ తిప్పాలి, తర్వాత మన చెవి తిప్పాలి. అందుకే జనం దానిమీద కొండంత నమ్మకం పెట్టుకుంటారు. ఆ నమ్మకానికి ఉన్న హద్దులు మాత్రం చాలామందికి తెలియవు. 2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఒక లాకరు కేసులో తీర్పు చెబుతూ ఆరు నెలల్లో నిబంధనలు చేయమని రిజర్వు బ్యాంకును ఆదేశించింది. ఆ ఆగస్టు 18న వచ్చిన నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, బ్యాంకు ఉద్యోగుల మోసం వల్ల లాకరులోది పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లు. అద్దె 3,000 అయితే గరిష్ఠంగా 3 లక్షలు. లోపల కిలో బంగారం ఉన్నా అంతే. లోపల ఏముందో బ్యాంకు లెక్క రాసుకోదు. లాకరు అద్దె కట్టడం అంటే నగలకు ఇన్సూరెన్సు చేయించినట్టు కాదు.

వరద, భూకంపం, పిడుగు లాంటి ప్రకృతి విపత్తులకు బ్యాంకు బాధ్యత వహించదు. ఇది మనవైపు చిన్న విషయం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. లాకరు తీసుకునేటప్పుడు ఆ గది ఏ అంతస్తులో ఉందో చూడండి. పల్లపు ప్రాంతంలో సెల్లారులో ఉంటే కాగితాలు అక్కడ పెట్టొద్దు. ఇంటి పెట్టెకూ ఇదే వర్తిస్తుంది. బిగింపు రంధ్రాలున్న పెట్టెలోకి నీళ్లు వస్తాయి. నీళ్లు చేరే ఇంట్లో నేలకు కాకుండా, నడుము ఎత్తుకు పైన గట్టి గోడకు బిగించాలి.

మూడేళ్లు వరసగా అద్దె కట్టకపోతే తగిన నోటీసులిచ్చి బ్యాంకు లాకరు పగలగొట్టవచ్చు. అద్దె ఖాతాలోంచి పోతూనే ఉన్నా, ఏడేళ్లపాటు ఎవరూ తెరవక మనిషి ఆచూకీ దొరక్కపోతే అప్పుడూ తెరవవచ్చు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ అమ్మ పేరున, తమ పేరున ఊళ్లో లాకరు ఉంచినవాళ్లు ఈ గడువు గుర్తుంచుకోవాలి. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఒకసారి తెరవండి, ఫోను నంబరు, ఈమెయిలు సరిచేయించండి. లాకరు తెరిచిన రోజునే బ్యాంకు మనకు సందేశం పంపాలన్నది నిబంధన. పాత నంబరు ఉంటే ఆ సందేశం ఎవరికో వెళ్తుంది. రాకపోకల సీసీటీవీ రికార్డు కనీసం 180 రోజులు ఉంచాలి కాబట్టి, అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా అడగాలి.

ఇక మనిషి పోయాక చెవి ఎవరిది? 2025 నవంబరు 1 నుంచి లాకరుకు నలుగురిదాకా నామినీలను వరసక్రమంలో రాయవచ్చు, ఒకరి తర్వాత ఒకరు. పెళ్లికి ముందు తీసుకున్న లాకర్లలో నామినీగా అమ్మో నాన్నో ఉండి, వాళ్లు పోయి, ఫారం అలాగే ఉండిపోవడం మామూలు. ఈ నెలలోనే చూసుకోండి. వీలునామా మాత్రం ఆ లాకరులో పెట్టకండి. లాకరు తెరవాలంటే కాగితాలు కావాలి, ఆ కాగితాలు లాకరులో ఉంటే కుటుంబం తిరగని చోటుండదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం వీలునామాను సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచవచ్చు. ఎంతో ఉపయోగమున్నా ఎవరూ పెద్దగా వాడుకోని సదుపాయం ఇది.

నిప్పు, చెమ్మ, చెదలు

వీళ్లకు తాళంచెవి అక్కర్లేదు. దొంగను ఆపే పెట్టె వేరు, నిప్పును ఆపే పెట్టె వేరు. ఒకటే రెండూ చేస్తుందనుకుని కొనడం పెద్ద పొరపాటు. దొంగ కోసం చేసింది ఒట్టి ఉక్కు పలక. ఇల్లు అంటుకుంటే వేడి నేరుగా లోపలికి దిగి కాగితాలు మాడిపోతాయి. నిప్పు కోసం చేసినదాంట్లో రెండు పలుచటి రేకుల మధ్య జిప్సం లాంటి పదార్థం నింపుతారు. జిప్సం బరువులో దాదాపు ఐదో వంతు నీరే. వేడికి ఆ నీరు ఆవిరై లోపలి వేడిని తగ్గించి ఉంచుతుంది. కానీ ఆ పలుచటి రేకును రాడ్డుతో చీల్చడం సులువు.

నిప్పును ఆపే పెట్టెలకు యూఎల్ 72 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం కాగితాల పెట్టెలో లోపలి వేడి 177 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. పెన్‌డ్రైవులు, హార్డ్ డిస్కుల్లాంటివాటికి హద్దు 52 డిగ్రీలే. పెళ్లి ఫొటోల హార్డ్ డిస్కును కాగితాల ఫైర్ సేఫ్‌లో పెట్టి నిశ్చింతగా ఉండకూడదు, కాగితం మిగిలినా డిస్కు మిగలదు. బంగారం కరగడానికి 1,064 డిగ్రీలు కావాలి, మామూలు ఇంటి మంటలో గొలుసులు చాలావరకు దక్కుతాయి. ముత్యాలు, పగడాలు దక్కవు. నగలకు ఉక్కు పెట్టె, దస్తావేజులకు నిప్పు పెట్టె అనుకోవడానికి అసలు కారణం ఇదే.

జిప్సం పెట్టె మామూలు రోజుల్లోనూ లోపల చెమ్మ పట్టిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంకా ఎక్కువ. దస్తావేజులను జిప్ కవర్లలో పెట్టి, చెమ్మ పీల్చే సిలికా జెల్ గింజల 50 గ్రాముల పొట్లాలు రెండు వేయండి. రంగు మారాక ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. నీలం రంగు గింజల్లో ఉండే కోబాల్ట్ మంచిది కాదు, నారింజ రంగువి కొనండి. దస్తావేజులను లామినేషన్ మాత్రం చేయించొద్దు, తర్వాత స్టాంపును, సంతకాన్ని పరీక్షించడం కష్టమవుతుంది. వెండి వస్తువులను రబ్బరు బ్యాండ్లతో, వార్తాపత్రికలతో చుడితే నల్లబడతాయి. మెత్తటి నూలుగుడ్డ వాడండి.

నగదు గురించి ఎక్కువ చెప్పను, ఇంట్లో ఎక్కువ ఉంచొద్దనే చెబుతాను. 2021లో కృష్ణా జిల్లా మైలవరంలో ఇల్లు కట్టుకోవడానికి ట్రంకుపెట్టెలో కూడబెట్టుకున్న లక్షల రూపాయల నోట్లను చెదలు తినేశాయి. తాళం చెక్కుచెదరలేదు. చెదలు తిన్న నోట్లకు రిజర్వు బ్యాంకు నియమం ఇది: 50 రూపాయలు, అంతకు మించిన నోటులో 80 శాతం పైగా ఒకే ముక్కగా మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం దాకా మిగిలితే సగం, అంతకు తగ్గితే ఏమీ రాదు. ట్రంకుపెట్టెను మట్టి నేలమీద, గోడకు ఆనించి పెట్టకండి. నాలుగంగుళాల ఎత్తు స్టాండు మీద, గోడకు ఎడంగా ఉంచితే చెదపుట్ట దారి కంటికి కనబడుతుంది.

పిల్లలు, మందులు

చిన్న తాళంపెట్టె నిజంగా ప్రాణం కాపాడేది ఇక్కడే. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలు, తాతయ్య షుగరు మాత్రలు, బీపీ మాత్రలు పసిపిల్లల చేతికి అందితే కొద్దిగానే మింగినా ప్రమాదం. ఐరన్ మాత్రలు రంగుగా, తియ్యటి పూతతో ఉంటాయి, పిల్లలు చాక్లెట్ అనుకుంటారు. దీనికి ఉక్కు అక్కర్లేదు. తాళంకప్ప పడే ప్లాస్టిక్ డబ్బా అయినా చాలు. చెవి మాత్రం డబ్బా పక్కన మేకుకు తగిలించకండి. రోజూ వేసుకునే మాత్రలు రోజుకు సరిపడా తీసుకుని మిగతావి లోపల పెట్టాలి.

పురుగుమందులకూ తాళం వేయమని సలహా ఇస్తుంటారు. పిల్లలు పొరబాటున తాగకుండా అది అవసరమే. కానీ దాని హద్దూ తెలియాలి. శ్రీలంకలో 180 గ్రామాల్లో రైతుల ఇళ్లకు తాళం డబ్బాలు ఇచ్చి చేసిన పెద్ద పరిశీలన 2017లో వెలువడింది. డబ్బాలు ఇచ్చిన ఊళ్లలో ఆత్మహత్యా ప్రయత్నాలు తగ్గినట్టు తేలలేదు. చెవి లేనివాడినే తాళం ఆపుతుంది, ఇంటి మనిషి దగ్గర చెవి ఉంటుంది. ఇంట్లో మనసు కుంగిన మనిషి ఉంటే పురుగుమందు డబ్బా ఇంట్లో అసలు ఉంచకూడదు. మిగిలిన మందు నిల్వ పెట్టకుండా అవసరమైనంతే కొనాలి. మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో పలుకుతారు.

చెవిని దాచే పెట్టె

ఇంతసేపూ చెవిని దూరంగా పెట్టమన్నాను. చెవి అందుబాటులో లేకపోవడమే ప్రమాదమయ్యే ఇళ్లు కూడా ఉన్నాయి. పిల్లలు విదేశాల్లో, అమ్మానాన్నలు ఇక్కడ ఫ్లాట్‌లో ఒంటరిగా. బాత్రూములో జారిపడితే లోపల గడియ, బయట ఎదురింటివాళ్లు, కింద 108 బండి. తలుపు పగలగొట్టేదాకా ఎదురుచూపు. దీనికి గోడకు బిగించే చిన్న కీ బాక్సు ఉంది. అరచేతి అంత ఉంటుంది, లోపల రెండు మూడు తాళంచెవులు పడతాయి. విదేశాల్లో ఇంటికొచ్చి వృద్ధులను చూసుకునేవాళ్ల కోసం దీన్ని విరివిగా వాడతారు. మన అపార్టుమెంట్లకూ ఇది రావాలని నా కోరిక.

కొనేటప్పుడు నాలుగు చక్రాలదా, మీటలదా అని చూడండి. నాలుగు చక్రాలకు 10,000 కోడ్‌లు. పది మీటల రకాల్లో చాలావాటికి వరసతో పనిలేదు, ఏ మీటలు నొక్కామన్నదే లెక్క. నాలుగు మీటల కోడ్ పెడితే ఉన్న అవకాశాలు 210 మాత్రమే. చీకట్లో, కంగారులో నొక్కడానికి మీటలే సులువు, రాత్రి చక్రాల అంకెలు కనబడవు. నా మొగ్గు మీటల వైపే, కానీ బాక్సు కంటపడని చోట పెడితేనే. తలుపు పక్కన కాకుండా గ్రిల్ లోపలి వైపు గానీ, మీటర్ల షాఫ్టు తలుపు వెనక గానీ బిగించండి. నాలుగు స్క్రూలూ ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి. గ్రిల్‌కు వేలాడదీసే కొక్కెం రకం వద్దు. లోపల పెట్టే చెవిమీద ఫ్లాట్ నంబరు రాయకూడదు.

చెవి బాక్సులో ఉన్నా లోపలినుంచి గడియ పెట్టుకుంటే ఉపయోగం లేదు. అందుకని పెద్దవాళ్లుండే ఇంట్లో ముందు తలుపుకు అడ్డగడియ తీసేసి, లోపల చెవి పెట్టి ఉన్నా బయటినుంచి చెవితో తెరుచుకునే తాళం వేయించాలి. బాత్రూము గడియ కూడా బయటినుంచి నాణెంతో తిప్పగలిగే రకం కావాలి. కోడ్ ఎదురింటివాళ్లకు ఒకరికి, దగ్గర్లో ఉన్న బంధువుకు ఒకరికి చెప్పండి. వాచ్‌మన్లు మారుతుంటారు, ఆ కోడ్ వాళ్లకు ఇస్తే మారినప్పుడల్లా మార్చాలి. మూడు నెలలకోసారి ఎదురింటివాళ్ల చేతనే బాక్సు తీయించి, ఆ చెవితో తలుపు తెరిపించి చూడండి. వానాకాలం దాటాక మీటలు బిగుసుకుంటాయి. నూనె వేస్తే దుమ్ము పట్టి ఇంకా మొరాయిస్తాయి, గ్రాఫైట్ పొడి వేయండి.